నాగవ్వ గుండెలో పిల్లి

తాండూరు నాపరాళ్ళ గనుల్లో తట్టలు మోసే ఆడవాళ్ళందరిలోకి నాగవ్వ నోరు పెద్దది. ఆమె గని అడుగున మాట్లాడితే పైన బండలు చెక్కేవాళ్ళు జవాబు చెప్పేవారు. అలాంటి మనిషి 1953 ఎండాకాలంలో ఒకనాటి పొద్దున, నెత్తిన తట్టతో రాతిమెట్లు ఎక్కుతూ సగంలో ఆగిపోయింది. మాట లేదు. తట్టను పక్కనున్న గట్టుమీదికి దింపి, తానూ అక్కడే కూలబడింది. వెనక వస్తున్న ఆడవాళ్ళు మొదట నవ్వారు. పని తప్పించుకోవడానికి వేషం వేసిందనుకున్నారు. దగ్గరికొచ్చి చూస్తే పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నవ్వడం మానేసి నీళ్ళకోసం పరుగెత్తారు.

"ఏమైందే నాగవ్వా?"

"ఏం గాలే. ఊపిరి జర ఎన్కబడ్డది. వస్తది, ఆగున్రి" అంది నాగవ్వ, ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క ఊపిరి తీసుకుంటూ.

ఊపిరి వెనకబడడం ఆమెకు కొత్త కాదు. ఆమె పుట్టింది తాండూరు పక్కన యాలాల్‌లో. తొమ్మిదో ఏట గొంతునొప్పితో మొదలై పెద్ద జ్వరం వచ్చింది. మోకాళ్ళు వాచాయి, అవి తగ్గేసరికి మోచేతులు వాచాయి, అవి తగ్గితే మణికట్లు. నెలన్నర మంచం మీదే ఉండి లేచింది. కీళ్ళయితే మామూలయ్యాయి గానీ, ఆ తర్వాతనే ఆమె ఎడమ రొమ్ము కింద ఒక గురగుర మొదలైంది. చెయ్యి పెడితే తెలిసేది, పొయ్యి పక్కన పడుకున్న పిల్లి ఒళ్ళు అదిరినట్టు. తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ అదొక వేడుక. రాత్రిళ్ళు అక్క రొమ్ముమీద తల పెట్టుకోవడానికి పోట్లాడుకునేవారు.

పోలీసు యాక్షన్ జరిగిన ఏడాది, రైళ్ళు మళ్ళీ సరిగ్గా తిరగడం మొదలయ్యాక, పదహారేళ్ళ నాగవ్వకు చంద్రప్పతో పెళ్ళయింది. చంద్రప్ప గనిలో బండలు చీల్చే పనివాడు. ఉలి ఎక్కడ పెడితే రాయి ఎటు పగులుతుందో చూపుతోనే చెప్పగలడు. పెళ్ళయిన కొత్తలో పెళ్ళాం గుండె గురగురలాడడం విని ఉలిక్కిపడ్డాడు.

"ఏందే, లోపల ఏమన్న పెంచుతున్నవా?"

"పిల్లి. దానికి గూడ బువ్వ వెట్టాలె. ఇంకో రెండు బండలు ఎక్కువ చీల్చు."

అలా నవ్వుకుంటూనే నాలుగేళ్ళు గడిచాయి. కానీ ఆ నాలుగేళ్ళలో రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ రోజుల్లో మాత్రం నాగవ్వ ఇంట్లోంచి ఏ చప్పుడూ వినపడలేదని పక్కింటి ఇస్మత్ చెప్పేది. గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి అమ్మే ఇస్మత్‌ను నాగవ్వ సొంత అక్కలా ఆపా అని పిలిచేది. గని మెట్ల మీద కూలబడిన రోజున ఆమెను ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టింది ఇస్మతే.

చుట్టుపక్కలవాళ్ళు తలా ఒక మాట అన్నారు. దగ్గుతోంది, చిక్కిపోయింది, ఒకసారి ఉమ్ములో రక్తం కూడా పడింది; ఇంకేముంది, క్షయ అని తేల్చేశారు. నీళ్ళ దగ్గర ఒకరిద్దరు ఆమె బిందెకు తమ బిందె తగలకుండా జరుపుకున్నారు కూడా. ఇస్మత్ ఊరుకోలేదు.

"ఎవరెవరో అనుడేంది? అనంతగిరి గుట్టమీద పెద్ద దవాఖాన ఉన్నది గద. రైలెక్కు, వికారాబాద్‌ల దిగు, చూపెట్టుకో. క్షయ ఉంటే మందిస్తరు. లేకుంటే గీళ్ళ నోర్లు మూతబడ్తయి. ఫికర్ ఎందుకు?"

వానలు పడుతుండగా చంద్రప్ప ఆమెను రైల్లో వికారాబాదు తీసుకెళ్ళి, అక్కడినుంచి జట్కాలో గుట్ట ఎక్కించాడు. చెట్ల మధ్య పొడుగాటి వరండాలు, వరుసగా మంచాలు, చల్లటి గాలి. ఎక్స్‌రే ఫోటో తీసిన పెద్ద డాక్టరు ఆ నల్లటి కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె రొమ్ముమీద గొట్టం పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"నీకు క్షయ లేదమ్మా" అన్నాడు.

నాగవ్వ వెంటనే మొగుడివైపు తిరిగి, "ఇన్నవా? తాండూరు పోంగనె బాయి కాడ గీ మాట గట్టిగ చెప్పాలె" అంది.

"ఆగు. ఊపిరితిత్తులు బాగున్నాయి. గుండె బాగాలేదు" అని డాక్టరు ఎవరినో పిలవమన్నాడు.

వచ్చింది గుండె డాక్టరు అరుణాదేవి. ముప్పై ఏళ్ళుంటాయి. తెల్లకోటు జేబులో రెండు కలాలు, చంకలో లావుపాటి నోటు పుస్తకం. ఆమె పట్నం నుంచి నెలకొకసారి ఈ గుట్టమీదికి వచ్చేది. దగ్గుతో, ఆయాసంతో క్షయ అనుకుని వచ్చేవాళ్ళలో అసలు గుండెజబ్బువాళ్ళు ఎంతమంది, వాళ్ళకు అది ఎలా వచ్చింది అని వెతికి రాసుకోవడం ఆమె పెట్టుకున్న పని. నాగవ్వను ఎడమవైపు తిరిగి పడుకోమని, అరచెయ్యి రొమ్ము కింద ఆనించింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చిందా?"

నాగవ్వ నోరు తెరిచింది. "నీకెట్ల ఎర్కమ్మా? మా అమ్మ చెప్పిందా?"

ఆ మధ్యాహ్నం వరండాలో చిన్న తిరునాళ్ళలా అయింది. అరుణాదేవి పిలిస్తే మిగతా డాక్టర్లు, నర్సులు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పెట్టి చూశారు, గొట్టం పెట్టి విన్నారు. ఇంత స్పష్టంగా దొరకడం అరుదని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఐదో మనిషి వచ్చేసరికి నాగవ్వ లేచి కూర్చుంది.

"టికెట్ పెట్టున్రమ్మా. మా చంద్రప్ప తలుపు కాడ నిలవడి చింపి ఇస్తడు."

పెద్ద డాక్టరు కూడా నవ్వాడు. అందరూ వెళ్ళాక అరుణాదేవి మంచం అంచున కూర్చుని నెమ్మదిగా చెప్పింది. గుండెలో తలుపులుంటాయి. రక్తం వచ్చినప్పుడు తెరుచుకుంటాయి, వెనక్కి పోకుండా మూసుకుంటాయి. చిన్నప్పటి జ్వరం ఒక తలుపు రెక్కల్ని అంటుకుపోయేలా చేసింది. ఇప్పుడది సందు మాత్రమే. ఆ సందులోంచి రక్తం ఒరుసుకుంటూ పోతుంటే వచ్చే చప్పుడే ఆ గురగుర. రక్తం వెనక నిలిచిపోయి ఊపిరితిత్తుల్లోకి ఎదురు తన్నుతోంది కాబట్టి ఆయాసం, దగ్గు.

"మరి తలుపు తెరువరాదా?" అన్నాడు చంద్రప్ప. బండలు తెరిచే మనిషికి అదే తోచింది.

"తెరుస్తున్నారు. కానీ మన దగ్గర ఇంకా కాదు. కొన్నేళ్ళు పడుతుంది. అందాకా మందు వేసుకోవాలి, బరువులు మొయ్యకూడదు, ఉప్పు బాగా తగ్గించాలి. నెలకోసారి నేను వచ్చినప్పుడు రావాలి. నీ గుండె గురించి రాసుకుంటాను. నీకు ఇష్టమైతేనే."

"రాసుకో అమ్మా. నీ పుస్తకం నిండ రాసుకో."

బరువులు మానడం కష్టం కాలేదు. ఊళ్ళోని కందిపప్పు మిల్లులో కూర్చుని చాటతో చెరిగే పని దొరికింది. పైగా అక్కడ ఇరవైమంది ఆడవాళ్ళు, రోజంతా మాటలు. ఉప్పు మానడమే గండమైంది. ఉప్పులేని జొన్నరొట్టె, ఉప్పులేని పప్పు. మొదటి రోజు నాగవ్వ కంచం ముందు కూర్చుని ఏడ్చినంత పనిచేసింది. నువ్వు తిననిది నేనూ తిననని చంద్రప్ప కూడా చప్పిడి కూడే తిన్నాడు. మూడు రోజులు గడిచాక ఇస్మత్ ఇంటి వెనక గోడపక్కన, రొట్టెలో మామిడికాయ తొక్కు చుట్టుకుని తింటూ దొరికిపోయాడు.

"తిను తిను" అంది నాగవ్వ. "నా వంతు గూడ తిను. రుచి ఎట్లున్నదో చెప్పుకుంట తిను." తర్వాత ఆమె చింతపండు, నిమ్మకాయ, వెల్లుల్లి, కాల్చిన పచ్చిమిరపకాయలతో ఏవేవో ప్రయోగాలు చేసి, ఉప్పు లేకపోయినా నాలుక ఒప్పుకునే ఒక పచ్చడి తయారుచేసింది. దాన్ని గుట్టమీది ఆస్పత్రికి సీసాలో పట్టుకెళ్ళింది. అరుణాదేవి రుచి చూసి, ఎలా చేశావని అడిగి, అది కూడా నోటు పుస్తకంలో రాసుకుంది.

ఏళ్ళు గడిచేకొద్దీ అరుణాదేవి పుస్తకాలు నాలుగయ్యాయి. తాండూరు, యాలాల్, బషీరాబాద్, దోమ వైపు ఊళ్ళనుంచి నలభైమంది పైగా మనుషులు అందులోకి ఎక్కారు. వాళ్ళలో సగంమందికి పైగా చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చినవాళ్ళే. అంటే జబ్బును పట్టుకోవలసింది ఆయాసం వచ్చాక కాదు, పిల్లల గొంతునొప్పి దగ్గరే. అందుకని అరుణాదేవి బడుల వెంట తిరగడం మొదలుపెట్టింది. నాగవ్వకు సెలవు దొరికిన రోజుల్లో తోడు వెళ్ళేది. డాక్టరును చూస్తే తలుపు వేసుకునే తల్లులు నాగవ్వను చూస్తే పీట వేసేవారు.

1959లో అరుణాదేవి ఒక చిత్రమైన కోరిక కోరింది. పట్నంలో డాక్టరు చదువు చదివేవాళ్ళకు పరీక్షలు. జబ్బు మనిషిని ముందు పెట్టి, ఏం జబ్బో చెప్పమంటారు. నాగవ్వ రావాలి.

నాగవ్వ కొత్త చీర కట్టుకుని వెళ్ళింది. ఉదయం నుంచి ముగ్గురు వచ్చి, చూసి, చెప్పి వెళ్ళారు. నాలుగో మనిషి సన్నగా ఉన్న ఒక అమ్మాయి. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. వెల్లకిలా పడుకున్న నాగవ్వ రొమ్ముమీద గొట్టాన్ని అక్కడా ఇక్కడా పెట్టింది, వీపుమీద విన్నది, మళ్ళీ ముందుకొచ్చింది. ఏమీ దొరకలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరీక్ష పెట్టే పెద్దాయన అటు తిరిగి ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడు.

నాగవ్వ ఒక మూలుగు మూలిగి, ఎడమపక్కకు దొర్లింది.

"అమ్మా, గిట్ల పండుకుంటేనే నాకు సుఖం. ఎవ్వరొచ్చినా గిట్లనే పండవెడ్తరు" అంటూ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, ఎక్కడ పెట్టాలో సరిగ్గా అక్కడ పెట్టుకుంది. "గీడ నొస్తది బిడ్డ. మా ఊళ్ళె గీడ పిల్లి ఉన్నదంటరు."

అమ్మాయి వేళ్ళ కింద గురగురమంది. గొట్టం అక్కడే పెట్టి విన్నది. ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. పెద్దాయన రాగానే తడుముకోకుండా చెప్పేసింది. ఆయన తృప్తిగా తలూపి, నాగవ్వవైపు అనుమానంగా చూశాడు.

"నువ్వేమైనా చెప్పావా?"

"నేనేం చెప్త సారూ? నాకు అచ్చరం ముక్క రాదు."

ఆ అమ్మాయి పరీక్ష పాసయింది. ఆ సంగతి తెలిసి అరుణాదేవి నాగవ్వను మందలించబోయి, మధ్యలో నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ ఏడాదే చలికాలంలో ఇస్మత్ కూతురు షాహజాదికి జ్వరం వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల. నాగవ్వ చూడ్డానికి వెళ్ళేసరికి మోకాలు వాచి ఎర్రగా ఉంది. "కింద పడ్డది" అంది ఇస్మత్. మూడో రోజు వెళ్తే మోకాలు తగ్గింది, మోచెయ్యి వాచింది. నాగవ్వ అక్కడ కూర్చోలేదు. అటునుంచి అటే స్టేషనుకు వెళ్ళి వికారాబాదు రైలెక్కింది. అరుణాదేవి గుట్టమీదికి వచ్చే రోజు అదే కావడంతో, సాయంత్రానికి ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది.

పిల్ల గుండెకు పెద్దగా దెబ్బ తగల్లేదు, సమయానికి చూశామని అరుణాదేవి చెప్పింది. కానీ ఆ జ్వరం మళ్ళీ మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడల్లా గుండె తలుపును కొంత తింటుంది. రాకుండా ఉండాలంటే నెలకొక పెన్సిలిన్ సూది వేయించాలి, ఏళ్ళ తరబడి. మొదటి సూదికి షాహజాది వాడంతా వినపడేలా అరిచింది. రెండు రోజులు కుంటింది. రెండో నెల సూది రోజున ఇస్మత్ తలుపు దగ్గర అడ్డంగా నిలబడింది.

"పిల్ల బాగనే ఉన్నది. ఆడుతున్నది, ఉరుకుతున్నది. బాగున్న పిల్లకు సూదెందుకు? గా ఏడ్పు నేను చూడలేను నాగవ్వా."

నాగవ్వ ఆమె చెయ్యి పట్టుకుని, తన రవిక కింద ఆనించుకుంది.

"చూడు ఆపా. చిన్నప్పుడు నేను గూడ లేచి ఉరికిన. అందరు బాగైందనుకున్నరు. గప్పుడు గీ సూది లేదు, ఉన్నా మాకు చెప్పెటోళ్ళు లేరు. నవ్వుకుంట పిల్లి అంటున్న గని, ఇది నా ఇద్దరు పిల్లలను మింగింది. నీ బిడ్డ రొమ్ముల ఇది పడొద్దు."

ఇస్మత్ చేతి కింద ఆ గుండె గురగురమంటూనే ఉంది. ఆమె చాలాసేపు చెయ్యి తీయలేదు. తీశాక కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి తిరిగి, "షాహజాదీ, చెప్పులేసుకో" అంది.

ఆ మరుసటేడు, మద్రాసు వైపు వెళ్ళి గుండె తలుపు తెరిచే ఆపరేషను నేర్చుకున్న సర్జను ఒకాయన పట్నం వచ్చాడు. అరుణాదేవి స్వయంగా తాండూరు వచ్చి, నాగవ్వ ఇంట్లో చాపమీద కూర్చుని చెప్పింది. దాచలేదు. పదిమందికి చేస్తే ఒకరు బతకకపోవచ్చు అంది.

చంద్రప్ప ముఖం వాడిపోయింది. "వద్దమ్మా. గిట్లనే ఉంటం. ఆమె మెల్లగ నడుస్తది, నేను ఆగుత. ఇన్నేండ్లు ఆగలేదా?"

నాగవ్వ ఆలోచించింది. "కడమ తొమ్మిది మంది ఎట్లున్నరమ్మా?"

"బాగున్నారు. పనులు చేసుకుంటున్నారు. పిల్లల్ని కన్నవాళ్ళూ ఉన్నారు."

"మరి నేను తొమ్మిది మందిల ఎందుకుండ? నన్నే ఆ ఒక్కదాన్ని చేస్తున్నవేందయ్యా?" అని మొగుణ్ణి దబాయించింది. దబాయిస్తున్న గొంతులో వణుకు చంద్రప్పకు తెలిసింది. అయినా తలూపాడు.

1961 ఫిబ్రవరిలో ఆపరేషను. ముందురోజు సర్జను వచ్చి, ఎలా చేస్తారో చెప్పాడు. పక్కటెముకల మధ్య కోసి, గుండె గోడలో చిన్న దారి చేసి, అందులోంచి వేలు పోనిచ్చి, అంటుకున్న రెక్కల్ని విడదీస్తాడట.

"ఏ ఏలు సారూ?"

ఆయన కుడిచేతి చూపుడువేలు చూపించాడు. నాగవ్వ ఆ వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏలు మంచిగనే ఉన్నది. గోరు జర తీసుకోన్రి."

పక్కనున్న నర్సు చెప్పినదాని ప్రకారం, సర్జను నేరుగా గదికి వెళ్ళి కత్తెర అడిగాడట.

ఆ రోజు చంద్రప్ప ఆస్పత్రి అరుగుమీద ఐదు గంటలు కూర్చున్నాడు. ఎవరేం పెట్టినా తినలేదు. అరుణాదేవి బయటికి వచ్చి, మాట్లాడకముందే నవ్వింది. అప్పుడు మాత్రం అతను మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు.

మూడో రోజు దగ్గరికి రానిచ్చారు. భయం భయంగా ఆమె రొమ్ముమీద చెయ్యి ఆనించాడు. "ఏదే, పిల్లి?"

"పోయింది. సారు ఏలు వెట్టి ఎల్లగొట్టిండు" అంది నాగవ్వ నీరసంగా. "రాత్రి నిద్ర వడ్తలేదయ్యా. లోపల మస్తు నిమ్మలంగ ఉన్నది."

మరుసటేడు సీతాఫలాల కాలంలో ఇద్దరూ గుట్టమీద చూపించుకుని వికారాబాదు స్టేషనుకు వచ్చారు. నాగవ్వ పళ్ళ గంప దగ్గర బేరమాడుతుండగానే తాండూరు రైలు కదిలింది. చంద్రప్ప ఎప్పటి అలవాటు ప్రకారం, "ఉర్కకు! ఇంకో బండికి పోదాం, ఉర్కకు!" అని అరిచాడు. అరుస్తుండగానే ఆమె ఒడినిండా పళ్ళతో అతన్ని దాటి ఉరికి, పెట్టె ఎక్కేసి, వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. అతన్ని లోపలికి లాగాక చూస్తే ఆయాసపడుతున్నది అతను. ఆమె పండు ఒలిచి అతని నోట్లో పెట్టింది.

1963లో ఆమెకు కూతురు పుట్టింది. అరుణాదేవి నెలనెలా కనిపెట్టుకుని చూసింది. వికారాబాదులోనే కాన్పు. తల్లీ బిడ్డా క్షేమం. పిల్లకు భీమమ్మ అని అత్తగారి పేరు పెట్టారు. షాహజాది పన్నెండేళ్ళదై, నెలనెలా తానే ఒంటరిగా వెళ్ళి సూది వేయించుకుని వచ్చి, మధ్యాహ్నమంతా భీమమ్మను చంకన వేసుకుని తిరిగేది.

1966లో ఒక ఆదివారం అరుణాదేవి తాండూరు వచ్చింది. ఇంగ్లీషులో అచ్చయిన సన్నటి పత్రిక ఒకటి తెచ్చింది. ఆమె పన్నెండేళ్ళ పని అందులో పద్నాలుగు పేజీలయింది. నాగవ్వ దాన్ని రెండు చేతులతో అందుకుని, తలకిందులుగా పట్టుకుని చూసింది.

"నా పేరు ఏడున్నది?"

"పేర్లు రాయకూడదు నాగవ్వా. నంబర్లు వేస్తాం. నువ్వు ఏడో నంబరు."

"నంబరేసినంక నేనని ఎవలకు ఎర్క?" అని అడిగి, మళ్ళీ తానే, "సరే, ఏం రాసినవో చదువు" అంది.

అరుణాదేవి తెలుగులో చెప్పుకుంటూ చదివింది. ఏడో నంబరు, ఆడమనిషి, ముప్పై నాలుగేళ్ళు. ఆపరేషను తర్వాత ఐదేళ్ళుగా బాగుంది. ఇంటిపనులన్నీ చేసుకుంటుంది, నీళ్ళు మోస్తుంది.

"నీళ్ళేనా? మొన్న ఇల్లు కట్టుకుంటుంటే రాళ్ళు గూడ మోసిన. రాయలేదా?"

"నువ్వు రాళ్ళు మోశావా? నేను మొయ్యొద్దన్నానుగా!"

"చిన్న చిన్నయేలే" అని నాగవ్వ గబగబా మాట మార్చింది. "బిడ్డను కన్నదని రాసినవా?"

"రాశాను. ఇదిగో. ఆపరేషను తర్వాత రెండేళ్ళకు ఒక బిడ్డ, సుఖప్రసవం."

"ఆడపిల్ల అని రాసినవా? భీమమ్మ ఎట్ల మాట్లాడ్తదో రాసినవా?"

"అవి రాయరు నాగవ్వా."

"మరి గిన్నేండ్లు కూసోని ఏం రాసినవమ్మా?" అంటూ నాగవ్వ పత్రికను ఆమె ఒళ్ళో పెట్టి, రొట్టెలు చెయ్యడానికి లేచింది. వాకిట్లో భీమమ్మ ఎవరితోనో పోట్లాడుతోంది. ఆ గొంతు వీధి చివరిదాకా వినపడుతోంది. అరుణాదేవి జేబులోంచి కలం తీసి, పేజీ పక్క ఖాళీలో తెలుగులో ఆ రెండు సంగతులూ రాసింది.